మేక పేరు మీద పెరిగినవి

హసన్‌పర్తి దాటాక, ఒక ప్రైవేటు కాలేజీ వెనక వైపు, వరి పొలాలకు ఎదురుగా, డైరెక్టరు గదిని ఆనుకుని రెండు గదుల పరిశోధనశాల ఉండేది. అందులో కొన్నేళ్లు నేను జంతు కణాలు పెంచాను. ఆ పని గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ గౌరవంగానే చెబుతాను. ఆ చోటు గురించి, దాన్ని నడిపిన మనిషి గురించి మాత్రం గౌరవంగా చెప్పడం నా వల్ల కాదు.

పని ఇది. జంతువు ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను కణాలుగా విడదీసి, పలుచని ప్లాస్టిక్ సీసాల్లో వాటికి తిండి పోసి బతికించాలి. ఆ తిండి గులాబీ రంగులో ఉండే ద్రవం. కణాలు దాన్ని వాడుకునే కొద్దీ రంగు పసుపుకు తిరుగుతుంది. అప్పుడు పాతది తీసేసి కొత్తది పోయాలి. సీసా అడుగంతా కణాలు పరుచుకున్నాక వాటిని మెల్లగా ఊడదీసి వేరే సీసాల్లోకి పంచాలి. ఒంటి వేడికి సమానమైన వేడి ఉండే ఇంక్యుబేటర్‌లో దాచాలి. గాలిలో ఉన్న దుమ్ముగానీ బూజుగానీ సీసాలో పడితే అంతా పోయినట్టే. అందుకే చేతులకు తొడుగులు, స్పిరిట్, గాలిని వడకట్టే గాజు పెట్టె. ఇంతకు మించి పెద్ద రహస్యమేమీ లేదు. ఎవరూ చూడనప్పుడు కూడా పని సరిగ్గా చేసే గుణం ఉంటే చాలు.

మా డైరెక్టరు సారుకు ఎవరైనా చూస్తున్నప్పుడే పని గుర్తొచ్చేది. ఆయన ఇల్లు సుబేదారిలో. పదిన్నరకు కారు దిగి, బయటి చెప్పులు బయటే వదలాలని తాను రాయించిన బోర్డు పక్కనుంచే బూట్లతో లోపలికి వచ్చేవాడు. తెల్లకోటు తలుపు వెనక హ్యాంగరుకు ఇస్త్రీ నలగకుండా ఉండేది. పేపరు వాళ్లో, పెద్ద మనుషులో వచ్చిన రోజు అది ఒంటి మీదికి ఎక్కేది. మైక్రోస్కోపు ముందు కూర్చుని, కళ్లు దానికి ఆనించి, "వండర్‌ఫుల్" అనేవాడు. ఒకసారి ఆయన అలా అన్నప్పుడు మైక్రోస్కోపు లైటు వేసి లేదు. వచ్చినవాళ్లకు తెలియదు. నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. అయినా ఇంకోసారి "వండర్‌ఫుల్" అన్నాడు.

మాది వరంగల్ బీట్ బజారులో పప్పులు, దినుసులు అమ్మే ఇల్లు. గుడ్డు కూడా మా గడప దాటి లోపలికి రాదు. నేను మేక మూత్రపిండం కణాలు పెంచుతున్నానని మొదటిసారి చెప్పినప్పుడు అమ్మ చేతిలోని చాట కింద పెట్టింది.

"ఏం పెంచుతానవ్?"

"మేక కిడ్నీ సెల్స్ అమ్మా. కండ్లకు గూడ కనవడయి."

"కనవడకపోతె మేక కాకుంట పోతదా? స్నానం జేసినంకనే వంటింట్లకు రా."

అంతే. వాదన లేదు. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఇల్లు చేరగానే బాత్‌రూమ్ ముందు తువ్వాలు వేలాడుతుండేది. అమ్మకు నచ్చని పనికి అమ్మ పెట్టిన నిబంధన అది ఒక్కటే, దాన్ని ఏనాడూ మార్చలేదు. మా ల్యాబులో ఒక్క నిబంధనైనా అంత నికరంగా ఉంటే బాగుండేది.

మా ల్యాబుకు పేరు తెచ్చినవి ఆ మేక కణాలే. మన ప్రాంతపు మేక నుంచి తానే స్వయంగా తీసి పెంచానని సారు ప్రతి సభలోనూ చెప్పేవాడు. నిజానికి తీసింది ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న సీనియర్. అతన్ని నేను అన్నా అని పిలిచేదాన్ని. మేకలకు వచ్చే వైరస్ రోగాలను పరీక్షించడానికి మేక కణాలే దొరికితే మేలు కాబట్టి వాటిని అడిగేవాళ్లు ఉండేవారు. నేను చేరిన కొత్తలో అవి నా చేతికొచ్చాయి. మొండివి. సీసాలో వేస్తే అతుక్కోవడానికే బద్ధకించేవి. పెద్ద పెద్దగా, పలుచగా, ఒకదానికొకటి ఎడంగా పరుచుకునేవి. తిండి మార్చినా తొందరపడేవి కావు. ఆదివారం సెలవని వాటికి తెలియదు కదా, స్కూటీ వేసుకుని వెళ్లి చూసొచ్చేదాన్ని. పెరిగాయో లేదో తెలియనంత మెల్లగా పెరిగేవి. జంతువు నుంచి నేరుగా తీసిన కణాలు అంతే. కొన్ని తరాలు విడిపోయాక ముసలివై ఆగిపోతాయి. అందుకే వయసులో ఉండగానే కొన్నిటిని చిన్న గొట్టాల్లో పోసి ద్రవ నైట్రోజన్ క్యానులో గడ్డకట్టించి దాస్తారు. అవసరమైనప్పుడు ఒకటి తీసి, కరిగించి లేపుకోవాలి. ఆ క్యాను అన్నే చూసుకునేవాడు.

ఆ కణాల తిండిలో కలిపే సీరం గురించి కూడా చెప్పాలి. అది ఆవు కడుపులోని పుట్టని దూడ రక్తం నుంచి వస్తుంది. అది లేకుండా మా పని నడవదు. నాకు ఆ సీసా తెరిచిన ప్రతిసారీ మనసు ఒక క్షణం వెనక్కి తగ్గేది, తర్వాత చేయి ముందుకు వెళ్లేది. సారుకు ఆ ఇబ్బంది లేదు. ఆయన సీసా మీది కాగితం పీకించి, దాని స్థానంలో 'పోషక ద్రవం' అని అంటింపజేశాడు. ఒకసారి ఒక స్వామీజీ ల్యాబు చూడటానికి వచ్చి అదేమిటని అడిగితే, "టానిక్ స్వామీ" అన్నాడు. స్వామీజీ ఆ సీసా వైపు చేయెత్తి ఆశీర్వదించాడు. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

ఒక దసరాకు సారుకు ఆయుధపూజ కల్చరు గదిలోనే చేయాలనిపించింది. బయటి గదిలో చేద్దామని నేను అన్నాను.

"అసలు ఆయుధం లోపలుంటె బయట పూజ చేస్తరా?" అన్నాడు.

"సార్, లోపల బూజు పడితె సీసాలన్ని పోతయి."

"దేవుని పనికి బూజేందమ్మా. నువ్వు జర నెగటివ్ థింకింగ్ తగ్గించుకో."

పక్కనే ఉన్న అన్న ఆ మాట అందుకున్నాడు. "ఏం గాదు చెల్లె, తర్వాత స్పిరిట్ కొడదాం."

పూజ బ్రహ్మాండంగా జరిగింది. గాలి వడకట్టే పెట్టెకు బంతిపూల దండ. ఇంక్యుబేటర్ తలుపు మీద పసుపు, కుంకుమ. సారు భార్య పళ్లెంలో గుమ్మడికాయ ముక్కలు తెచ్చింది. అగరొత్తులు గుప్పెడు వెలిగించారు. చివరికి సారు, "లోపలున్నయాటికి గూడ చూపియ్యాలె గద" అంటూ ఇంక్యుబేటర్ తలుపు బార్లా తెరిచి సీసాలకు హారతి ఇచ్చాడు. కర్పూరం పొగ, పూల పుప్పొడి, ఆయన చేతి గాలి అన్నీ కలిసి లోపలికి వెళ్లాయి. కొబ్బరినీళ్లు నేల మీద చల్లాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ అక్కడే నిలబడి ప్రసాదం తీసుకున్నాను.

పండుగ సెలవులయ్యాక తలుపు తెరిస్తే సీసాల్లో తెల్లటి దూది ఉండలు తేలుతున్నాయి. బూజు. మూతల చుట్టూ, అరల మీద, అడుగున నీళ్లు పోసే పళ్లెంలో కూడా బూజే. మేక కణాలు పోయాయి, మిగిలినవన్నీ పోయాయి. సీసాలన్నీ బ్లీచింగు నీళ్లలో ముంచి, ఇంక్యుబేటర్‌ను స్క్రూలు ఊడదీసి కడిగాను. తలుపు మీది కుంకుమ మరక ఎంత రుద్దినా పోలేదు.

సారు చూసి ఒకటే అన్నాడు. "మీరు మూతలు సరిగ్గ బిగియ్యలే."

ఇంకొన్నాళ్లకు పశుసంవర్ధక శాఖ నుంచి పెద్దలు రావాల్సి ఉంది. వాళ్లు వచ్చేసరికి మేక కణాలు కనిపించాలని సారు అన్నకు చెప్పాడు. ఎలా అన్నది ఆయన సమస్య కాదు. అన్న హైదరాబాదులో తన స్నేహితుడి దగ్గర్నుంచి కోతి మూత్రపిండం కణాలు ఒక సీసా తెప్పించాడు. అవి ప్రపంచంలో ప్రతి ల్యాబులోనూ ఉండే రకం, ఎన్నిసార్లు విడదీసినా ముసలివి కావు. వైరస్ పనికి ఎలాగూ అవి కావాలి కాబట్టి నేను ఏమీ అనుకోలేదు. ఇంకో వారానికి అన్న నవ్వుతూ వచ్చాడు.

"చెల్లె, నైట్రోజన్ క్యాన్ల మేక సెల్స్ ఒక్క గొట్టం మిగిలిందే. లేపిన. మంచిగ లేచినయి."

నాకు నిజంగానే సంతోషమైంది. పెద్దలు వచ్చారు, కోటు హ్యాంగరు దిగింది, "వండర్‌ఫుల్" వినపడింది. పేపర్లో వార్త వచ్చింది.

ఆ తర్వాత ఆ సీసాలు మళ్లీ నా చేతికొచ్చాయి. మొదట్లో అలసట వల్ల అలా అనిపిస్తోందేమో అనుకున్నాను. ఈ మేక కణాలు చురుకైపోయాయి. సోమవారం పంచితే గురువారానికి సీసా నిండేది. గులాబీ రంగు చూస్తుండగానే పసుపయ్యేది. మైక్రోస్కోపులో చూస్తే చిన్న చిన్నగా, ఇరుకు బస్సులో జనంలా ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఉన్నాయి. అన్నతో అంటే, "కొత్త సీరం మంచిగున్నట్టున్నది" అన్నాడు. సారుతో అంటే ఇంకా సంబరపడ్డాడు. "మేక బలం తెల్సిందా?" అన్నాడు. ఆ కణాల మీద ఒక శాస్త్ర పత్రికలో వ్యాసం కూడా వేయించుకున్నాడు.

ఆ రోజుల్లోనే వేరే జిల్లాలోని పశువైద్య కళాశాల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పీజీ చేస్తోంది. మేకల రోగం వైరస్ మేక కణాల్లో ఎలా పెరుగుతుందో చూడటం ఆమె పని. బస్సులో థర్మాకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చింది. సారు ఆమెకు గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, రెండు సీసాలు ఇప్పించి, ఆమె రాసే వ్యాసంలో తన పేరు ఎక్కడ ఉండాలో కూడా చెప్పాడు. నేను సీసాలు సర్ది ఇస్తుంటే, "అక్కా, ఇవి దారిల సచ్చిపోవు గదా?" అని అడిగింది. దారిలో ఎండ తగలకుండా చూసుకోమని చెప్పాను. నా నంబరు తీసుకుంది. అప్పుడప్పుడు ఫోటోలు పంపేది. ఆమె దగ్గర కూడా కణాలు భేషుగ్గా పెరుగుతున్నాయి. వైరస్ కూడా భేషుగ్గా పెరుగుతోంది. సారు ఆ ఫోటోలు తన ప్రసంగాల్లో చూపించేవాడు.

నెలలు గడిచాయి. కణాలు ముసలివి కాలేదు. ఎన్నిసార్లు విడదీసినా అదే ఉరుకు. ఇక నన్ను నిద్రపోనిచ్చే అనుమానం కాదది. ఒక కణం ఏ జంతువుదో తెలుసుకునే పరీక్ష ఉంది. కణాల్లోంచి డీఎన్ఏ తీసి, మేక డీఎన్ఏను మాత్రమే పట్టుకునే రసాయనంతో కలిపి యంత్రంలో పెట్టాలి. మేకదైతే ఒక గీత వెలుగుతుంది, కాకపోతే ఆ చోటు ఖాళీగా ఉంటుంది. కాలేజీలో పక్క విభాగంలో ఆ యంత్రం ఉంది. పోల్చుకోవడానికి నిస్సందేహంగా మేకదే అయిన మాంసం కావాలి.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కాశిబుగ్గలో ఒక మటన్ దుకాణం ముందు నిలబడ్డాను. మా బజారు వాళ్లెవరైనా చూస్తారేమోనని చున్నీ తలమీదికి లాక్కున్నాను.

"ఏం గావాలె మేడం? కైమానా, బోటీనా?" అన్నాడు దుకాణదారు.

వేలి కొన చూపించాను. "ఇంత చాలు."

"గింతనా? పిల్లికా?"

"అవును, పిల్లికే." తర్వాత అడిగాను, "ఇది మేకదేనా? గొర్రెదా?"

ఆయనకు కోపమొచ్చింది. "మేకదే. తలకాయ గూడ ఆడ్నే ఉన్నది, చూస్కోండ్రి."

చూశాను. నిజమే, మేక తలకాయే. మా ల్యాబులో చూపించడానికి అదైనా లేదు.

పరీక్ష మధ్యాహ్నానికి అయిపోయింది. దుకాణం మాంసం దగ్గర గీత వెలిగింది. మా 'మేక' కణాల దగ్గర నల్లగా, ఖాళీగా ఉంది. ల్యాబులో ఉన్న ఇంకో రకం కోతిదే కాబట్టి కోతి డీఎన్ఏను పట్టుకునే వరస కూడా పెట్టాను. అందులో మాత్రం రెండు గీతలు పక్కపక్కనే నిగనిగలాడుతున్నాయి. ఒకటి కోతి సీసాది, ఇంకొకటి మేక సీసాది. నమ్మక మళ్లీ మొదటి నుంచీ చేశాను. మళ్లీ అంతే.

అన్న క్యాంటీన్‌లో టీ తాగుతున్నాడు. ఎదురుగా కూర్చున్నాను.

"అన్నా, అవి మేకయి గావు. కోతియి."

అతని మొహంలో ఆశ్చర్యం లేదు. గ్లాసు కింద పెట్టి చుట్టూ చూశాడు.

"మెల్లగ మాట్లాడు."

"నీకు తెల్సా?"

"క్యాన్ల ఏం లేకుండెనే. నైట్రోజన్ ఎప్పుడో ఎండిపొయింది. నింపియ్యాలె సార్ అని నేను ఎన్నిసార్లు చెప్పిన్నో. అండ్లున్నయన్ని ఎప్పుడో సచ్చినయి. సారేమో మేక సెల్స్ కావాలె అన్నడు. నేనేడికెళ్లి తేవాలె?"

"అందుకని కోతియి పోసి మేక పేరు రాస్తవా?"

"అప్పటిమందం అనుకున్న. పెద్దలు చూసి పోతరు, మళ్ల అసలయి తీద్దాం అనుకున్న. పేపర్ల వచ్చినంక ఇగ ఎట్ల చెప్పాలె? సారు సంతకం లేకుంటె నా పీహెచ్‌డీ ఏడికి పోతది చెల్లె?"

"ఆ పిల్ల సంగతేంది? సీసాలు తీస్కపోయిన పిల్ల?"

అన్న టీ గ్లాసు వైపు చూశాడు. "నేనియ్యలే గద. సారిచ్చిండు."

అప్పటిదాకా అతని మీద జాలి పడటానికి నాలో ఎక్కడో కొంచెం చోటు ఉంది. ఆ మాటతో అది మూసుకుపోయింది. భయపడ్డవాణ్ని అర్థం చేసుకోగలను. తన భయానికి ఇంకొకరి చదువును అడ్డం పెట్టి, ఇచ్చింది నేను కాదని చెప్పేవాణ్ని అర్థం చేసుకోవాలని కూడా నాకు అనిపించలేదు.

సారు గదిలోకి వెళ్లి గీతల ఫోటో బల్ల మీద పెట్టాను. జరిగింది మొత్తం చెప్పాను. అన్న పేరు చెప్పడానికి వెనకాడలేదు. సారు ఫోటోను తలకిందులుగా పట్టుకుని చూశాడు.

"నీ టెస్ట్ తప్పయ్యుంటది."

"మళ్ల చేసిన సార్. మీ ముంగట ఇంకోసారి చేస్త."

"ఎవలు చెయ్యమన్నరు అసలు?"

ఫోటోను సరిగ్గా తిప్పి మళ్లీ ఆయన ముందు పెట్టాను. ఆయన గొంతు తగ్గించి, దగ్గరివాడిలా ముందుకు వంగాడు.

"చూడమ్మా. మేకదైనా కోతిదైనా కిడ్నీ కిడ్నీయే గద. వైరస్ పెరుగుతాందా, లేదా? పెరుగుతాంది. ఇగ ఫికరేంది?"

"మేకదని రాసినం గద సార్."

"రాసింది నేను. నీకేం కష్టం?"

అక్కడే నాకు ఆయన పూర్తిగా అర్థమయ్యాడు. అంతకుముందు ఆయనకు పని రాదనుకునేదాన్ని, అది పెద్ద తప్పేమీ కాదు, చాలామందికి రాదు. కానీ ఈయనకు కోతికీ మేకకూ తేడా తెలుసు. తెలిసీ, ఆ తేడా తన దాకా రానంత వరకు అది లేనట్టే. మన పల్లెల్లో మేకలు రోగమొచ్చి మందకు మంద పోతుంటాయని వేదికల మీద గొంతు పూడుకుపోయేలా మాట్లాడేవాడు. ఆ గొంతు కూడా హ్యాంగరుకు వేలాడే కోటులాంటిదేనని ఆ రోజు తెలిసింది.

"ఆ స్టూడెంటుకు చెప్పాలె సార్," అన్నాను.

"చెప్పుడేం అవసరం లేదు. ఆమె పని ఆమె చేస్కుంటాంది. నువ్వు నీ పని చేస్కో. పో."

ఇంటికి వెళ్లి స్నానం చేసి డాబా మీదికెక్కాను. కింద బజారులో మూటలు దింపుతున్నారు. ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. సాగదీయకుండా చెప్పేశాను.

"అక్కా, మేకల వైరస్ మేక కణాల్లో ఎట్ల పెరుగుతదో చూస్తున్న గద నేను. ఇప్పటిదాంక చూసిందంత మరేంది?"

"కోతి కణాల్లో ఎట్ల పెరుగుతదో చూసినవు."

"అది ఎవ్వరికి గావాలె అక్కా? అది ఎప్పుడో తెల్సిందే గద అందరికి. మా నాయిన మొన్న గూడ అడిగిండు, ఎప్పుడైపోతది బిడ్డా అని. దగ్గరికొచ్చింది అని చెప్పిన."

ఓదార్పు మాటలేవీ చెప్పలేదు. ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. సీసాలు పారేయకుండా ఉంచమని, వాళ్ల గైడు మేడంతో పరీక్ష చేయించమని, ఎలా చేయాలో వివరంగా చెప్పాను. ఆమె ముక్కు చీదుకుంటూనే రాసుకుంది.

వాళ్ల మేడం పరీక్ష చేయించి, ఫలితం సారుకూ ప్రిన్సిపాలుకూ పంపింది. అంతే, మరుసటి రోజు నన్ను సారు గదికి పిలిపించారు. ప్రిన్సిపాలు, సారు, అన్న. బల్ల మీద జీడిపప్పు బిస్కట్లు. సారు నా మొహం చూడకుండా ప్రిన్సిపాలుకు చెప్పాడు.

"సీసాలు చూసుకునేది ఈ అమ్మాయే సార్. మేకది కోతిది కలిపేసినట్టున్నది. అజాగ్రత్త. నేను ముందు నుంచి వార్న్ చేస్తనే ఉన్న."

నేను అన్న వైపు చూశాను. అతను గచ్చు మీది టైల్స్ చూస్తున్నాడు.

"సార్," అన్నాను ప్రిన్సిపాలుతో, "నైట్రోజన్ క్యాన్ పక్క గదిల్నే ఉన్నది. మూత తీసి చూడండ్రి. ఎండిపొయి ఉన్నది. అండ్లకెళ్లి మేక సెల్స్ లేపిన అని ఈ అన్న చెప్పిండు. ఎండిన క్యాన్లకెళ్లి ఏం లేస్తయో మీరే అడుగుండ్రి."

పక్క గది నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఎవరూ లేవలేదు. ప్రిన్సిపాలు ఒక బిస్కటు తీసుకుని, కొరకకుండా చేతిలోనే పట్టుకున్నాడు.

"ఇది పేపరోళ్లకు తెల్సిందా?" అని అడిగాడు.

ఆయన అడిగింది అదొక్కటే. తెలియలేదని సారు అన్నాక బిస్కటు తిన్నాడు. నన్ను మర్యాదగా రాజీనామా చేయమన్నారు. మంచి సర్టిఫికెట్ ఇస్తామన్నారు. ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది ఎవరో గుర్తొచ్చి నవ్వొచ్చింది. వద్దన్నాను. ద్రవం కొలిచి పోసే నా పైపెట్లు, బల్ల కింద ఉన్న నా టిఫిన్ గిన్నె తీసుకుని వచ్చేశాను. గేటు దగ్గర స్కూటీ స్టార్టు చేస్తుంటే అన్న పరుగెత్తుకొచ్చాడు. ఏమైనా చెబుతాడేమో అనుకున్నాను.

"చెల్లె, ఇంక్యుబేటర్ తాళం ఏడ వెట్టినవ్?" అన్నాడు.

నాన్నకు చెబితే దుకాణంలో గల్లా ముందు కూర్చునే విన్నాడు. ఆయనకు కణాల గురించి తెలియదు. నేను మేకను, కోతిని కందిపప్పు, పెసరపప్పు చేసి చెప్పాను. అప్పుడు అర్థమైంది.

"కందిపప్పని చెప్పి పెసరపప్పు పోసినోడు మన బజార్ల తెల్లారి దుకాణం తెర్వలేడు," అన్నాడు. "వాళ్లు ఎట్ల తెరుస్తాండ్రు?"

"మంచిగనే తెరుస్తాండ్రు నాన్నా."

ఆయన తల అడ్డంగా ఊపి, వచ్చిన గిరాకీ వైపు తిరిగాడు. అమ్మ మాత్రం ఆ వారమంతా సంతోషంగానే ఉంది. నాకు వేరే ఏదైనా శుభ్రమైన ఉద్యోగం దొరుకుతుందని ఆమె ఆశ.

దొరకలేదు. పశువైద్య కళాశాలలో ఆ అమ్మాయి మేడం నన్ను ఒక చిన్న ప్రాజెక్టులోకి తీసుకుంది. ముభావంగా ఉండే మనిషి. మొదటి రోజే అంది, "నిన్ను మెచ్చుకుందామని పిలువలేదు. ఈ పిల్లకు జరిగిన నష్టం పూడ్చాలె, నీకు చేతనైతది, అందుకని పిలిచిన." నాకు ఆ మాట హాయిగా అనిపించింది. చాలాకాలం తర్వాత పని గురించి పని మాట విన్నాను.

అప్పుడే కోసిన మేక మూత్రపిండం ఐసులో తెచ్చి, పైపొర తీసి, కత్తెరతో చిన్న చిన్న ముక్కలు చేసి, కడిగి, కణాలుగా విడదీసి సీసాల్లో పోశాం. మొదటిసారి సూక్ష్మజీవులు పడి పోయింది. రెండోసారి అతుక్కోలేదు. ఆ అమ్మాయి ప్రతిసారీ ఏడుపు మింగుకుంటూ సీసాలు కడిగేది. ఆ తర్వాతి ప్రయత్నంలో సీసా అడుగున అక్కడొకటి ఇక్కడొకటి పెద్దగా, పలుచగా కణాలు కనిపించాయి. ఆమె మైక్రోస్కోపు నుంచి కళ్లు తీయకుండానే, "అక్కా, ఇవి ఇంత బద్ధకంగ ఉంటయా?" అని అడిగింది.

"ఉంటయి. తొందరపెట్టకు."

ఈసారి పరీక్ష మొట్టమొదటే చేశాం. మేక గీతే వెలిగింది. ఆ అమ్మాయి పని ఏడాది ఆలస్యంగా అయింది. వైరస్ అసలు మేక కణాల్లో ముందు చూసినంత జోరుగా పెరగలేదు. వ్యాసం చిన్నది, ఎవరూ చప్పట్లు కొట్టేది కాదు. అందులో ఉన్నది నిజం. ఆమె ఇప్పుడు పాలకుర్తి వైపు ఒక పశువుల దవాఖానలో డాక్టరు. ఫోన్ చేసినప్పుడల్లా వెనక మేకల అరుపులు వినిపిస్తాయి.

సారు తన పాత వ్యాసాన్ని వెనక్కి తీసుకోలేదు. తప్పు జరిగిందని ఎక్కడా రాయలేదు. అన్నకు పీహెచ్‌డీ వచ్చింది. అదే కాలేజీలో అదే ల్యాబుకు ఇన్‌ఛార్జ్ అయ్యాడు. వాళ్లిద్దరి మీద పిడుగు పడుతుందని నేనెప్పుడూ ఎదురుచూడలేదు. అలాంటి వాళ్ల మీద ఏమీ పడదు, శాలువాలు తప్ప.

ఈ మధ్య హనుమకొండలో ఒక పెళ్లికి వెళ్లాను. బంతిలో కూర్చుని పప్పు కలుపుకుంటుంటే భుజం మీద చేయి పడింది. సారు. జుట్టుకు రంగు కొత్తగా వేసినట్టుంది. పక్కన ఎవరో పెద్దమనిషి.

"ఈమె నా స్టూడెంటే," అని ఆయనకు పరిచయం చేశాడు. "సెల్ కల్చర్ల నేనే ట్రెయిన్ చేసిన." తర్వాత నాతో, "ఏమ్మా, ఇప్పుడు దేని మీద చేస్తానవ్?"

"మేక కణాల మీదనే సార్."

"మంచిది, మంచిది. మనదగ్గరియి గూడ ఇంక నడుస్తనే ఉన్నయి. అప్పటియే. ఇన్నేండ్లైనా ఒక్కసారి గూడ ఆగలే, తెల్సా?"

ఆయన కళ్లలోకి చూశాను. ఇబ్బంది ఏ మూలనైనా ఉందేమోనని వెతికాను. లేదు. ఆయన ఆ మాటను నిజంగానే గర్వంగా అంటున్నాడు. చెప్పీ చెప్పీ తనే నమ్మేశాడు.

"ఆగవు సార్," అన్నాను.

"చూసిండ్రా?" అని ఆయన పెద్దమనిషి వైపు తిరిగి, అతని భుజం తట్టి, ఐస్‌క్రీమ్ ఉన్న వైపు తీసుకెళ్లాడు. నా పక్కన కూర్చున్న ఆవిడ, ఎవరో ఏమో తెలియదు, "మీ సారు మంచిగ మాట్లాడ్తడు" అంది.

"అవునండీ, మాట్లాడ్తడు," అని, అన్నంలోకి చారు పోయమని వడ్డించేవాణ్ని పిలిచాను.